హీటింగ్ దుప్పటి (చలిలో కాంక్రీటును వెచ్చగా ఉంచే కరెంటు దుప్పటి) కప్పినా గ్యారేజ్ స్లాబ్ అంచులు పొడిగా రాలుతుంటే

అంచుల్లో వేడి నిలవట్లేదు. జనవరి చలిలో అమెరికాలోని మినియాపోలిస్‌లో పోసిన కాంక్రీటు స్లాబ్ మధ్యలో గట్టిపడి, అంచులు గోటితో గీరితే రాలుతున్నాయన్నారు కదా, దుప్పటిని ఫారం చెక్క (కాంక్రీటు పోయడానికి చుట్టూ కట్టే పలక) దగ్గరే ఆపేసి ఉంటారు. దుప్పటి తప్పేం లేదు. గ్రాఫైట్ పొర ఉన్న రకమైతే వేడిని సమానంగా పరుస్తుంది, కానీ కప్పిన మేరకే.

1. దుప్పటిని ఫారం దాటించి, పక్కకు దించి, నేల మీదికి పరవండి. చాలక పోతే అంచుల మీద కరెంటు లేని ఇన్సులేషన్ దుప్పటి వేయండి. హీటింగ్ దుప్పట్లు ఒకదానిమీద ఒకటి పడకూడదు, మడత పడకూడదు. అక్కడ వేడెక్కి కాలిపోతాయి.

2. థర్మామీటర్ మూలలో పెట్టండి. అందరూ మధ్యలో చూసి సరేననుకుంటారు. మూలలో 13 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు.

3. స్విచ్ ఆపాక దుప్పటి వెంటనే లాగేయొద్దు. సన్నటి స్లాబ్ 24 గంటల్లో 28 డిగ్రీలకు మించి చల్లబడితే పగుళ్లొస్తాయి.

బలం రాకముందే గడ్డకట్టిన అంచు ఇక కోలుకోదు. లోతుగా రాలుతుంటే ఆ మేరకు కోసి మళ్లీ పోయండి. ఈసారి పోసే ముందే దుప్పటి పరచి, కింద నేలలో గడ్డకట్టిన మంచు పూర్తిగా కరిగించండి.