ఇంటి మరమ్మతులు, ప్రశ్నలు-జవాబులు: బిగించినకొద్దీ కారే కుళాయి

ప్రశ్న: వంటింటి కుళాయి కట్టేసినా చుక్కచుక్కగా కారుతూనే ఉంది. బలం పెట్టి తిప్పితే రెండు రోజులు ఆగి మళ్లీ మొదలవుతోంది. మేమే బాగుచేసుకోగలమా?

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. ముందు ఆ బలం పెట్టి తిప్పడం మానండి, జబ్బు ముదిరేది దానివల్లే. చాలా చుట్లు తిప్పి మూసే రకం కుళాయిలో స్పిండిల్ (పిడితోపాటు తిరిగే కడ్డీ) కొసన రబ్బరు వాషర్ ఉంటుంది. అది కిందనున్న ఇత్తడి సీటు మీద సరిగ్గా కూర్చుంటేనే నీళ్లు ఆగుతాయి. గట్టిపడిపోయిన వాషర్‌ను ఇంకా నొక్కితే సీటు అంచు దానిలోకి దిగబడి రబ్బరు చిట్లుతుంది. ఆ సందులోంచి నెలల తరబడి నీళ్లూ ఇసుకరేణువులూ పోతుంటే ఇత్తడి కూడా అరుగుతుంది. అప్పుడిక వాషర్‌తో తీరే పని కాస్తా కుళాయి మార్చేదాకా వస్తుంది.

ఆ గదికి నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, పైపులో మిగిలిన నీళ్లు వదిలేయండి. చిన్న స్క్రూలు జారిపోకుండా సింకు రంధ్రం మీద గుడ్డ పరవండి. పిడి ఊడదీస్తే ఆరుపలకల నట్టు కనిపిస్తుంది. దానికి గుడ్డ చుట్టి, పైన స్పానర్ వేసి ఎడమవైపు తిప్పండి. రెండో చేత్తో కుళాయి ఒంటిని కదలకుండా పట్టుకోవాలి, లేదంటే గోడలోని జాయింటు వదులై అక్కడ కొత్త లీకు మొదలవుతుంది. ఇంకొక్క మాట: విప్పేటప్పుడు కుళాయి సగం తెరిచి ఉండాలి. మూసి ఉంటే వాషర్ సీటుకు అదుముకుని ఉండి, ఆ ఒత్తిడంతా మరల మీద పడుతుంది.

అరంగుళం కుళాయికి అరంగుళం వాషరే, అయినా పాతది వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోండి. కొత్తది వేసేముందు సీటును వేలికొసతో చుట్టూ తడమండి. నున్నగా ఉంటే సరే. గాడి తగిలిందంటే ఎంత మంచి వాషరైనా ఎక్కువ కాలం నిలవదు. సీటును మళ్లీ నున్నగా కోసే చిన్న పనిముట్టు దొరుకుతుంది, దాన్ని నిటారుగా ఉంచి రెండు మూడు చుట్లు తిప్పితే చాలు. ఎక్కువ కోయొద్దు.

నీళ్లు కారేది ముక్కులోంచి కాక పిడి కిందనుంచయితే వాషర్ తప్పు కాదు. అక్కడ స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండ్ నట్టును పావు చుట్టు బిగించి చూడండి. ఆగకపోతే నట్టు విప్పి, టెఫ్లాన్ టేపును దారంలా పేని, స్పిండిల్‌కు రెండు మూడు వరుసలు చుట్టి మళ్లీ బిగించండి. పావు చుట్టుకే తెరుచుకునే కుళాయిలో మాత్రం వాషర్ ఉండదు, లోపల రెండు సిరామిక్ బిళ్లలు ఒకదానిమీదొకటి జరుగుతాయి. వాటి మీద గీత పడితే అవి ఉండే గొట్టం (కాట్రిడ్జ్) మొత్తం మార్చాల్సిందే. కొనేటప్పుడు పొడవుతోపాటు పిడి కూర్చునే చోటి పళ్లు కూడా లెక్కపెట్టుకోండి, ఒక్కటి తేడా వచ్చినా పిడి ఎక్కదు.

అంతా బిగించాక, కుళాయిని తెరిచే ఉంచి, వాల్వును మెల్లగా వదలండి. పైపులో కదిలిన మట్టి ముందు బయటికి పోవాలి.

ప్రశ్న: అలమర బిగించడానికి గోడకు కొట్టిన ప్లాస్టిక్ ప్లగ్గు స్క్రూతో సహా ఊడొచ్చింది. రంధ్రం పెద్దదైపోయింది. అగ్గిపుల్లలు కూరి బిగించొచ్చా?

జవాబు: వద్దు. పుల్లలు ఆరి చిక్కిపోతాయి, బరువు పడగానే జారతాయి. రంధ్రాన్ని 8 మిల్లీమీటర్ల బిట్‌తో సాపు చేసి, 8 మి.మీ. ప్లగ్గు, 5 మి.మీ. మందం స్క్రూ వాడండి. రంధ్రం ప్లగ్గు పొడవు కంటే 5 నుంచి 10 మి.మీ. లోతుగా ఉండాలి. బిట్ మీద ఆ కొలత దగ్గర టేపు అంటిస్తే లోతు తప్పదు.

మీ ప్లగ్గు ఊడింది బహుశా దుమ్ము వల్లో, పూత వల్లో. రంధ్రంలో పొడి మిగిలితే ప్లగ్గు గోడను కాదు, ఆ పొడిని పట్టుకుంటుంది. ఊది, బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదాలి. కళ్లద్దాలు పెట్టుకోండి. సిమెంటు పూతకు పట్టు ఉండదు కాబట్టి, ప్లగ్గు దాన్ని దాటి ఇటుకలోకి దిగాలి. స్క్రూ పొడవు ఇలా లెక్కేయండి: ప్లగ్గు పొడవు, బిగించే వస్తువు మందం, ఆపైన స్క్రూ మందమంత. స్క్రూ కొస ప్లగ్గు చివరిదాకా వెళ్తేనే అది విచ్చుకుంటుంది. టైలు మీదైతే, అది దాటేవరకు డ్రిల్లుకు హ్యామర్ మోడ్ పెట్టొద్దు. బోలు ఇటుక గోడకు మామూలు ప్లగ్గు పనికిరాదు, లోపల ముడిపడి నిలిచే రకం కావాలి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కల ఎక్కడా డ్రిల్లు పెట్టకండి. వైర్లు సాధారణంగా ఆ దారుల్లోనే వెళ్తాయి.

ప్రశ్న: వానలు పడినప్పుడల్లా చెక్క తలుపు బిగుసుకుంటోంది. చిత్రిక పట్టిస్తే సరిపోతుందా?

జవాబు: చిత్రిక ఆఖరి మాట. ఒకసారి తీసిన చెక్క తిరిగి రాదు, తేమ తగ్గాక అక్కడ సందు మిగులుతుంది. తలుపు ఎక్కడ రాసుకుంటోందో ముందు చూడండి. తాళం వైపు పై మూలా, కింద నేలా తగులుతూ, బందుల వైపు పైన సందు విచ్చుకుంటే, అది ఉబ్బు కాదు, పై బందు స్క్రూలు వదులై తలుపు వాలింది. తలుపు కింద చెక్కముక్క ఎత్తుపెట్టి, ఆ స్క్రూలు తీసి, రంధ్రాల్లో కలప జిగురు రాసిన సన్నటి చెక్కపేడులు నిండుగా దూర్చి, ఒక రోజు ఆరనివ్వండి. (గోడ ప్లగ్గుకు వద్దన్నాం కదా అనుకోకండి. చెక్కలో జిగురుతో కలిస్తే పేడు దానిలో భాగమైపోతుంది.) పైకి వచ్చినంత కోసేసి, సన్న బిట్‌తో దారి చేసి స్క్రూ బిగించండి.

తాళం వైపు అంచంతా రాసుకుంటుంటే అది నిజమైన ఉబ్బు. కలప పొడవున దాదాపు మారదు, అడ్డంగానే ఉబ్బుతుంది. పొడి రోజుల దాకా ఆగి, తలుపు పై అంచూ కింది అంచూ చూడండి. కంటికి కనబడవని చాలాసార్లు వాటికి రంగు వేయరు, తేమ అక్కడినుంచే ఎక్కుతుంది. రెండు పూతలు వేయండి. అప్పటికీ తలుపు పట్టేస్తుంటే, చౌకట్టుకు సుద్ద రాసి తలుపు మూయండి. మరక అంటిన చోటే పలచగా తీసి, 2 నుంచి 3 మి.మీ. సందు రాగానే ఆపి, ఆ రోజే రంగు పూయండి.

ప్రశ్న: ఒక స్విచ్ వేస్తే వేడెక్కుతోంది, చిన్న చప్పుడూ వస్తోంది. కొత్తది కొని మార్చేసుకోనా?

జవాబు: ఈ పని ఎలక్ట్రీషియన్‌కు వదలండి. వైరు వదులైన చోట నిరోధం పెరిగి వేడి పుడుతుంది, ఆ వేడికి వైరు తొడుగు కరుగుతుంది. నిప్పు అక్కడే మొదలవుతుంది. ఆ లైనుకు కరెంటు ఆపే మీట (ఎం.సి.బి.) దించి, స్విచ్‌ను ముట్టకుండా ఉంచండి. వచ్చిన మనిషిని స్విచ్ ఒక్కటే కాక, పెట్టెలో ఉన్న వైరు కొసలు కూడా చూడమనండి. నల్లబడిన కొసను కత్తిరించి, మెరిసే రాగి వచ్చేదాకా తొడుగు తీసి బిగించాలి.