ఫోల్డర్ జాబితా మూస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ సంఘం వెబ్‌సైట్ ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) మీద అపాచీ అనే వెబ్ సర్వర్‌లో నడుస్తోంది. అడ్రస్ చివర అప్‌లోడ్స్ అని కొడితే ‘ఇండెక్స్ ఆఫ్’ అంటూ రసీదులన్నీ వరసగా కనిపిస్తున్నాయి. జాబితా ఆపడానికి, ఫోల్డర్ సెట్టింగులు రాసే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో ‘ఆప్షన్స్ -ఇండెక్సెస్’ అని రాసినా మార్పు లేదు.

జవాబు: మీరు రాసింది సరైనదే, సర్వరే దాన్ని చదవడం లేదు. అపాచీ ప్రధాన సెట్టింగులుండే అపాచీ2 డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిచి, వార్ లోపలి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్‌కు సంబంధించిన డైరెక్టరీ భాగం చూడండి. మామూలుగా అక్కడ ‘ఆప్షన్స్ ఇండెక్సెస్ ఫాలోసిమ్‌లింక్స్’, దాని కింద ‘అలోఓవర్‌రైడ్ నన్’ అని ఉంటాయి. ఆ ‘నన్’ ఉన్నంతవరకు హెచ్‌టీయాక్సెస్‌లో ఏం రాసినా చెల్లదు.

సర్వర్ మీ చేతిలోనే ఉంది కాబట్టి పై ‘ఆప్షన్స్’ వరసలోంచి ‘ఇండెక్సెస్’ మాట తీసేయండి, అంతే. దాన్ని ఉంచి ముందు మైనస్ ఒక్కటే తగిలిస్తే అపాచీ 2.4 ఒప్పుకోదు. ప్లస్, మైనస్ గుర్తులు పెడితే రెండు మాటలకూ ఉండాలి, లేదా దేనికీ ఉండకూడదు. తర్వాత ‘సుడో అపాచీ2సీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్’ నడపండి. ‘సింటాక్స్ ఓకే’ అన్నాకే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీలోడ్ అపాచీ2’. ఇప్పుడు ఫోల్డర్ అడ్రస్ కొడితే 403 (అనుమతి లేదు అనే సందేశం) రావాలి. ఇంకా జాబితానే వస్తుంటే సైట్స్-ఎనేబుల్డ్ ఫోల్డర్‌లోని మీ సైట్ సెట్టింగుల ఫైల్‌లో మరో ‘ఆప్షన్స్ ఇండెక్సెస్’ ఉందేమో వెతకండి.

అసలు చిక్కు ఇక్కడితో తీరలేదు. జాబితా పోయిందే గానీ ఫైళ్లు అక్కడే ఉన్నాయి. రసీదుల పేర్లు 101, 102 అని వరసగా ఉంటే పక్క ఫ్లాటువాళ్లది ఊహించి తెరవడం ఎంతసేపు? వాటిని వెబ్ ఫోల్డర్ బయటికి మార్చి, లాగిన్ అయినవారికే ప్రోగ్రామ్ ద్వారా ఇవ్వండి. గూగుల్‌లో ఇప్పటికే వస్తుంటే, ఫైళ్లు తీశాక సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లోని రిమూవల్స్ ద్వారా తొలగించమని అడగండి. సెర్చ్ ఇంజిన్లకు ఏం చూడొద్దో చెప్పే రోబోట్స్ ఫైల్‌లో ఆ ఫోల్డర్ పేరు రాసి దాచాలనుకోవద్దు. ఆ ఫైల్ ఎవరైనా చదవొచ్చు, దారి మనమే చూపించినట్టు.

ప్రశ్న: మాది సీప్యానెల్ (సైట్ నిర్వహణ పేజీ) ఉన్న షేర్డ్ హోస్టింగ్, అంటే ఒకే సర్వర్‌ను చాలామంది పంచుకునేది. సర్వర్ ఫైళ్లు ముట్టుకోలేం.

జవాబు: సీప్యానెల్‌లో ‘ఇండెక్సెస్’ తెరిచి, ఆ ఫోల్డర్‌కు ‘నో ఇండెక్సింగ్’ ఎంచుకుని సేవ్ చేయండి. ఖాళీ ఇండెక్స్ ఫైల్ పెట్టినా జాబితా ఆగుతుంది, కానీ ప్రతి ఉపఫోల్డర్‌లోనూ పెట్టాలి, ఒకటి మరిచిపోతే అది బయటపడుతుంది.