పాపకి మడిచే లాప్‌టాప్ కొనేముందు

చిరంజీవి అమ్మాయికి,

మావయ్య ఆశీస్సులు. పాప తొమ్మిదో తరగతిలోకి వస్తోందని, టచ్‌స్క్రీన్ ఉండి వెనక్కి పూర్తిగా మడిచే లాప్‌టాప్ కొనాలనుకుంటున్నామని, ఏది మంచిదో చెప్పమని అడిగావు. ఫోనులో చెబితే సగం గుర్తుండదు, కాగితం మీద ఉంటే అల్లుడుగారు కూడా చదువుతారని రాస్తున్నాను. విజయవాడ గవర్నర్‌పేటలో ఇన్నేళ్లుగా లాప్‌టాప్‌లు విప్పి బాగుచేస్తున్నవాణ్ణి. కొత్తలో షాపులో ఎలా మెరుస్తాయన్నది అందరికీ కనిపిస్తుంది. రెండు మూడేళ్లకి నా బల్ల మీదికి ఏ రోగంతో వస్తాయో నాకు తెలుసు కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను.

ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. పాప ఆ స్క్రీన్ మీద పెన్నుతో రాస్తుందా, రాయదా? ఈ రకానికి మామూలు లాప్‌టాప్ కంటే ఎక్కువ పెట్టేది రాత కోసమే. లెక్కలు చెయ్యడానికి, సైన్సు బొమ్మలు గీసి భాగాలు గుర్తించడానికి, టీచర్ పంపిన పీడీఎఫ్ మీదే జవాబులు రాసి తిరిగి పంపడానికి పెన్ను ఎంతో అక్కరకొస్తుంది. కీబోర్డుతో ఒక వర్గ సమీకరణం టైపు చేసి చూడు. భిన్నం ఎక్కడుంది, ఘాతం ఎక్కడుంది అని వెతుక్కునేసరికి అసలు లెక్క ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోతాం. పెన్నుతో ఆ బాధ లేదు. అలా కాకుండా పాఠాల వీడియోలు చూడ్డానికీ, వేలితో పేజీలు జరపడానికీ అయితే ఈ రకం వద్దమ్మా. అదే డబ్బుకి మామూలు దాంట్లో ఎక్కువ ర్యామూ, మంచి స్క్రీనూ వస్తాయి.

రాస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేం అంటావా? అప్పుడు మంచి మామూలు లాప్‌టాప్ ఒకటి కొని, దానికి యూఎస్‌బీతో తగిలించే పెన్ టాబ్లెట్ ఒకటి మూడు నాలుగు వేలలో తీసుకో. అది పలకలాంటిది, దాని మీద పెన్నుతో రాస్తే రాత లాప్‌టాప్ స్క్రీన్ మీద కనిపిస్తుంది. లాక్‌డౌన్‌లో మన మాస్టార్లు చాలామంది ఆన్‌లైన్ క్లాసుల్లో లెక్కలు దాని మీదే చేసి చూపించారు. చెయ్యి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండాలి కాబట్టి కొన్నాళ్లు తికమకగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది. పాప దాంతో సరదాపడి రాస్తోందంటే, ఇంటర్‌కి వచ్చాక మడిచేది కొనిపెట్టొచ్చు.

ఇక పెన్ను సంగతి. ఇక్కడే ఎక్కువమంది మోసపోతున్నారు. టచ్ ఉంది కదా, ఏ పెన్నైనా రాస్తుందిలే అనుకుంటారు. రెండు మూడు వందలకి దొరికే రబ్బరు మొన పెన్ను వేలు చేసే పనే చేస్తుంది, అంతకు మించి ఏమీ లేదు. మొన లావు, రాసేటప్పుడు అరచెయ్యి ఆనితే అక్కడా గీతలు పడతాయి. నీకు కావాల్సింది యాక్టివ్ పెన్. స్క్రీన్ దాన్ని వేరుగా గుర్తుపట్టి, పెన్ను దగ్గరికి రాగానే చేతి స్పర్శని పట్టించుకోవడం మానేస్తుంది. టచ్ ఉన్న ప్రతి స్క్రీన్‌లోనూ ఆ ఏర్పాటు ఉండదు. అందుకని షాపులో ‘టచ్ ఉందా’ అని అడక్కు, ‘యాక్టివ్ పెన్ సపోర్టు ఉందా, ఏ పెన్ను పనిచేస్తుంది’ అని అడుగు. పెన్నునీ స్క్రీన్‌నీ కలిపే పద్ధతులు వేరువేరు. విండోస్ లాప్‌టాప్‌లలో కొన్ని మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్‌తో, కొన్ని వాకమ్ వాళ్ల ఏఈఎస్‌తో నడుస్తాయి. క్రోమ్‌బుక్‌లలో యూఎస్‌ఐ అని ఇంకొకటి. ఒకదాని పెన్ను ఇంకోదాని మీద ఒక్క గీత కూడా గీయకపోవచ్చు. మైక్రోసాఫ్ట్, వాకమ్ రెండింటికీ పనికొచ్చేవీ కొన్ని ఉన్నాయి కానీ పెన్ను పెట్టె మీద నీ లాప్‌టాప్ మోడల్ ఉందో లేదో చూడకుండా కొనొద్దు.

పెన్ను పెట్టెలో వస్తుందా, విడిగా కొనాలా అన్నది ముందే అడుగు. విడిగా అయితే కొన్ని వేలు అదనం, ఆ లెక్క ధరలో కలుపుకో. చార్జింగ్ పెట్టుకునే పెన్ను అయితే మంచిది. కొన్ని పెన్నుల్లో నాలుగు ఏల సన్న బ్యాటరీ వేస్తారు. మన టీవీ రిమోట్లలో వేసే మూడు ఏల సెల్లు దాంట్లో పట్టదు, మామూలు కిరాణా కొట్లో ఆ సన్నది దొరకదు. లాప్‌టాప్ ఒంట్లోనే పెన్ను దూర్చుకునే గాడి ఉంటే ఇంకా మేలు, బడిపిల్లలు పోగొట్టేది ముందు పెన్నునే. 4096 ఒత్తిడి స్థాయిలు అని పెద్దగా రాస్తారు చూడు, అది బొమ్మలు వేసేవాళ్లకి పనికొచ్చే సంగతి. లెక్కలకి దాంతో పనిలేదు.

పాపని వెంట తీసుకెళ్లు, రాయాల్సింది తనే కాబట్టి. డెమో పీసులో వన్‌నోట్ గానీ పెయింట్ గానీ తెరిచి, స్క్రీన్‌ని పూర్తిగా మడిచి, కౌంటరు మీద పడుకోబెట్టి, అరచెయ్యి ఆన్చి మామూలుగా రాయమను. ఇంగ్లీషులో తన పేరు రాసి ఆపేస్తారు పిల్లలు. అలా కాదు, చిన్న అక్షరాలతో ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘విజ్ఞానం’ రాయించు. కింద వత్తులూ పైన గుడులూ విడివిడిగా పడుతున్నాయా, అలికినట్టు కలిసిపోతున్నాయా అన్నది అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ఒక విజిటింగ్ కార్డు అంచు ఆనించి, ఆ మూల నుంచి ఈ మూలకి చాలా నెమ్మదిగా ఏటవాలు గీత గీయమను. నాసిరకం స్క్రీన్‌లలో తిన్నగా పోవాల్సిన గీత అలలు అలలుగా వస్తుంది. వేగంగా గీస్తే ఆ లోపం కనిపించదు, అందుకే నెమ్మదిగా. పెన్ను కదిలాక గీత ఎంత వెనకబడి వస్తోందో చూడు, స్క్రీన్ అంచుల దగ్గర కూడా రాసి చూడమను. ఇదంతా పది నిమిషాల పని. షాపతను విసుక్కుంటే ఇంకో షాపు ఉంది.

పెన్ను తర్వాత హింజ్, అంటే మూతని కీబోర్డుకి కలిపే కీలు. 2012లో విండోస్ 8తో పాటు లెనోవో యోగా వచ్చినప్పటి నుంచీ ఈ 360 డిగ్రీల మడత అన్ని కంపెనీలూ చేస్తున్నాయి. నా బల్ల మీదికి వచ్చే మడిచే లాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం హింజ్ దగ్గర విరిగినవే. లోపల ఎలా ఉంటుందో చెబుతాను. హింజ్ ఇనుపదే, గట్టిగానే ఉంటుంది. దాన్ని బిగించిన స్క్రూలు మాత్రం ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి బుషుల్లోకి దిగుతాయి. పిల్లలు ఒక మూల పట్టుకుని ఒంటి చేత్తో లాగి తెరుస్తారు. ఒక పక్క హింజ్ మీదే భారం పడుతుంది, కొన్నాళ్లకి బుషు ప్లాస్టిక్‌తో సహా ఊడొస్తుంది. మూత తెరిచినప్పుడల్లా కిర్రుమంటుంది, అంచు దగ్గర సన్నటి సందు కనిపిస్తుంది. అప్పుడే తెస్తే చిన్న పనితో పోతుంది. అలాగే వాడితే డిస్‌ప్లే కేబుల్ నలిగి స్క్రీన్ మిణుకు మిణుకుమంటుంది, ఆఖరికి అద్దం పగులుతుంది. ఈ రకంలో అద్దం, టచ్, ప్యానెల్ మూడూ కలిపి అతికించి ఉంటాయి. అద్దం ఒక్కటీ పగిలినా మొత్తం మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు విని తల్లిదండ్రులు కుర్చీలో కూలబడటం చూశాను.

కాబట్టి కొనేటప్పుడు హింజ్ ఉన్న చోట లోహపు బాడీ ఉన్నదాన్నే ఎంచుకో. మామూలుగా తెరిచి పెట్టి, స్క్రీన్ మీద వేలితో తట్టు. ఎక్కువసేపు ఊగుతూ ఉంటే వద్దు. పూర్తిగా మడిచినప్పుడు కీబోర్డు పనిచెయ్యడం ఆగిపోవాలి, స్క్రీన్ మీది బొమ్మ తిరగాలి, అదీ చూడు. కొన్నాక పాపకి మొదటిరోజే అలవాటు చెయ్యి: తెరిచినా మూసినా మూత మధ్యలో పట్టుకోవాలి. పెన్ను, ఇయర్‌ఫోను కీబోర్డు మీద ఉంచి మూత వెయ్యకూడదు. స్కూలు బ్యాగులో టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా ఉన్న అరలో లాప్‌టాప్ పెట్టకూడదు.

సైజు పద్నాలుగు అంగుళాల్లోపు తీసుకో. పద్నాలుగు అంగుళాలవి సాధారణంగా కిలోన్నర అటూ ఇటూ తూగుతాయి. మడిచాక టాబ్లెట్ అవుతుందన్నమాటే గానీ, ఆ బరువు ఒక చేత్తో పట్టుకుని ఏ పిల్లా రాయలేదు, బల్ల మీద పెట్టే రాస్తుంది. పదిహేనున్నర అంగుళాల మడిచే లాప్‌టాప్ బడిపిల్లకి అనవసరం.

లోపలి సరుకు గురించి మూడు మాటలు. ర్యామ్ 16 జీబీ అయితే నిశ్చింత, 8కి తగ్గొద్దు. ఈ సన్నటి వాటిలో చాలావాటికి ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది, తర్వాత వేయించుకుందాం అంటే నాలాంటివాళ్లు కూడా ఏమీ చెయ్యలేరు. స్టోరేజి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. తక్కువ ధరలో ఈఎమ్‌ఎమ్‌సీ అనే రకం స్టోరేజి 64 జీబీతో వచ్చేవి ఉన్నాయి, విండోస్ అప్‌డేట్లకే ఆ చోటు నిండిపోతుంది, వాటి జోలికి పోవద్దు. ప్రాసెసర్ మధ్యస్థమైనది ఏదైనా బడి చదువుకి సరిపోతుంది. సీబీఎస్‌ఈలో పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్సు తీసుకుంటే పైథాన్, మైఎస్‌క్యూఎల్ చెబుతారు, వాటికీ పెద్ద మిషను అక్కర్లేదు. ఆ తేడా డబ్బు ర్యామ్‌కి, స్క్రీన్‌కి పెట్టు. టచ్ స్క్రీన్‌లు ఎక్కువగా నిగనిగలాడే అద్దంతో వస్తాయి. మన గుంటూరు ఇళ్లలో కిటికీ పక్కన కూర్చుంటే మొహమే కనిపిస్తుంది, కాబట్టి వెలుగు 300 నిట్స్‌కి తగ్గకుండా చూసుకో.

సెకండ్‌హ్యాండ్ తీసుకుందామా అని అల్లుడుగారు అడిగారన్నావు. తీసుకోవచ్చు. ఆఫీసుల నుంచి వచ్చిన మడిచే లాప్‌టాప్‌లలో గట్టి బాడీ, గాడిలో పెన్నూ ఉన్నవి దొరుకుతాయి. కాకపోతే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ లేదా ఆ పైన ఉండాలి. అంతకంటే పాతది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. బ్యాటరీ ఎంత మిగిలిందో రిపోర్టు తీసి చూపించమను, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక్క కమాండుతో వస్తుంది, అమ్మేవాడికి తెలుసు.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మే నెలలో మన దగ్గర నలభై దాటి కాస్తుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు. కారులో, స్కూటర్ డిక్కీలో వదిలెయ్యొద్దు. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే గాలి ఆడక లోపల ఉడికిపోతుంది, బల్ల మీద పెట్టే వాడమను. రోజంతా చార్జర్‌కే ఉంచేటట్టయితే, చాలా కంపెనీల సెట్టింగుల్లో చార్జింగు 80 శాతం దగ్గర ఆపే వీలుంటుంది, అది పెట్టు. టైప్-సి చార్జింగు ఉన్నది తీసుకుంటే అడాప్టర్ పాడైనా వేరేది సులువుగా దొరుకుతుంది.

ఒక సంగతి మాత్రం తప్పకుండా చెయ్యి. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అవ్వగానే చాలావాటిలో డిస్క్‌కి దానంతటదే తాళం పడిపోతుంది. రేపు మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే రికవరీ కీ, అంటే ఆ తాళం తీసే నంబరు అడుగుతుంది, అది ఆ అకౌంటులోనే ఉంటుంది. షాపతను తన తొందరలో ఏదో ఒక మెయిలుతో తెరిచి ఇచ్చేశాడనుకో, ఆ కీ ఎవరికీ దొరకదు, పాప రాసుకున్నదంతా పోతుంది. ఆ అకౌంటు నీ మెయిలుతో, నీ ఫోను నంబరుతో నువ్వే దగ్గరుండి తెరువు. కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. నోట్సు వన్‌డ్రైవ్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో కూడా ఉండేలా చెయ్యి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు తడిసిన మిషన్లు చాలా వచ్చాయి. కొన్నింటిని బతికించగలిగాం. పనిచేస్తోందో లేదో చూద్దామని ఇంట్లోనే ఆన్ చేసినవాటి బోర్డులు మాడిపోయాయి. నీళ్లు పడితే వెంటనే ఆపేసి, చార్జర్ పీకేసి తీసుకురావాలి, అంతే.

ఇంకొకటి, పెన్ను వచ్చింది కదా అని నోటుపుస్తకాలు మానిపించొద్దు. పదో తరగతి పరీక్ష కాగితం మీదే రాయాలి, గాజు మీద జారే చేతికి కాగితం మీద వేగం తగ్గుతుంది. తర్వాత ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీద, అక్కడ చేతిలో ఉండేది మౌస్. కాబట్టి ఒక చవక మౌస్ కూడా కొని వాడుక చేయించు.

బిల్లు జీఎస్టీ నంబరుతో, సీరియల్ నంబరు వేయించి తీసుకో. ఆ సీరియల్ నంబరు కంపెనీ సైటులో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో షాపులోనే చూడు. మామూలు వారంటీలో అద్దం పగలడం ఉండదు. కిందపడినా వర్తించే యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ విడిగా అమ్ముతారు, కొన్న కొద్దిరోజుల్లోనే తీసుకోవాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ కంటే మడిచే లాప్‌టాప్‌కి ఇదే ముఖ్యం, ఆ డబ్బుకి వెనకాడొద్దు.

బేరం కుదిరాక, డబ్బు కట్టకముందు, పెట్టె మీద స్టిక్కరు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. ఒకే పేరుతో నాలుగు రకాలు ఉంటాయి, చివరి అక్షరాలు మారితే స్క్రీనూ, పెన్ను సపోర్టూ మారిపోతాయి. పూర్తి మోడల్ నంబరు కనిపించేలా తియ్యి. ఆదివారం బ్రాడీపేటలో షాపులు కిటకిటలాడతాయి, వారం మధ్యలో వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. అక్కడ డెమో పీసు లేదంటే పాపని తీసుకుని విజయవాడ రండి, నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య