బేస్‌బాల్‌లో మూడో అవుట్ అప్పీల్‌తో పడితే ఆ రన్ ఉంటుందా, పోతుందా?

ఒక్క అవుట్ అయింది. ఫస్ట్ బేస్‌లో ఒకరు, థర్డ్ బేస్‌లో ఒకరు ఉన్నారు. గాల్లోకి లేచిన బంతిని ఔట్‌ఫీల్డర్ పట్టేశాడు, రెండో అవుట్. థర్డ్ బేస్ రన్నర్ క్యాచ్ పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే పరిగెత్తి హోమ్ ప్లేట్ (రన్ కోసం చేరాల్సిన చివరి బేస్) తొక్కాడు. ఫస్ట్ బేస్ రన్నర్ మాత్రం తొందరపడి ముందే బయలుదేరాడు. ఫీల్డర్లు బంతిని ఫస్ట్ బేస్‌కి విసిరి, అతను ముందే బేస్ వదిలాడని అంపైర్‌కి అప్పీల్ చేశారు. మూడో అవుట్, ఇన్నింగ్స్ అయిపోయింది. మరి ఆ రన్?

ఉంటుంది, బంతి ఫస్ట్ బేస్‌కి చేరేలోపే థర్డ్ బేస్ రన్నర్ కాలు ప్లేట్‌కి తగిలి ఉంటే. మూడో అవుట్ ఫోర్స్ అవుట్ అయితే రన్ చెల్లదు; చాలామంది దీన్నీ ఫోర్స్ అవుట్ అనుకుని రన్ లెక్కలోంచి తీసేస్తారు. పొరపాటంతా అక్కడే. వెనక నుంచి బ్యాటర్ వస్తున్నాడు కాబట్టి బేస్ ఖాళీ చేయక తప్పకపోతేనే ఫోర్స్. ఇక్కడ బ్యాటర్ అప్పటికే అవుట్, రన్నర్‌ని ముందుకు తరిమేవాళ్లే లేరు. కాబట్టి ఏది ముందు జరిగిందన్నదే లెక్క. అన్నట్టు, తర్వాతి పిచ్ వేసేస్తే అప్పీల్ హక్కు పోయినట్టే.

దీనికి సరిగ్గా ఎదురు, 1908 సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు ఫ్రెడ్ మెర్కిల్ విషయంలో జరిగింది. గెలుపు రన్ వచ్చేసిందని అతను సెకండ్ బేస్ తొక్కకుండానే వెనుదిరిగాడు. వెనక బ్యాటర్ వస్తున్నాడు కాబట్టి అది నిజమైన ఫోర్స్. అందుకే రన్ చెల్లలేదు, మ్యాచ్ 1-1తో ఆగిపోయింది.