ఏ అరేంజర్ కీబోర్డు మేలు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: వేదిక మీద ఒక్కడినే కూర్చుని వాయించుకునే అవసరం నాది. ఎడమచేత్తో పట్టిన కార్డ్‌ను (కలిపి మోగించే స్వరాల గుంపును) బట్టి వెనక వాద్య బృందాన్ని తానే మోగించే అరేంజర్ కీబోర్డు కావాలి. యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్900, కోర్గ్ పీఏ1000 మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. వీడియోలు చూస్తే ఒకనాడు ఒకటి, మరునాడు ఇంకొకటి బాగున్నట్టు తోస్తోంది. నిజానికి దేని ధ్వని మెరుగు?

జవాబు: వీడియోలో మీ చెవిన పడేది కీబోర్డు ధ్వని మాత్రమే కాదు. వాయించినవారి నేర్పు, రికార్డింగులో అద్దిన ప్రతిధ్వని, మీరు వింటున్న స్పీకరు కూడా అందులో కలిసే ఉంటాయి. కాబట్టి మీ అభిప్రాయం రోజుకో తీరుగా మారడంలో వింతేమీ లేదు. రెండు వాద్యాలనూ ఒకే హెడ్‌ఫోనుతో, ఒకే పాట వాయిస్తూ పోల్చండి. అంతకన్నా ముందు రెండింటి శబ్దస్థాయినీ సమం చేయండి. కాస్త బిగ్గరగా పలికే వాద్యమే మేలైనదని మన చెవి ఇట్టే తీర్పు చెప్పేస్తుంది. పోలికలో జరిగే పొరపాట్లలో సగం ఇక్కడే జరుగుతాయి. ఆ తర్వాత రివర్బ్‌ను పూర్తిగా తగ్గించి ఒకసారి వినండి. ప్రతిధ్వని ముసుగు తొలగితే పియానో స్వరం ఎంత త్వరగా సన్నబడుతోందో, తీగ వాద్యాల స్వరం ఎక్కడ మొదటికి వచ్చి మళ్లీ తిరుగుతోందో తెలిసిపోతుంది.

ఇక కుడిచేతి సంగతి. యమహాలో ‘సూపర్ ఆర్టిక్యులేషన్’ అనే వాయిస్‌లు (వాద్య ధ్వనులు) మీరు వాయించే తీరును గమనిస్తూ పలుకుతాయి. శాక్సాఫోన్ తీసుకుని మొదటి మెట్టు వదలకుండానే రెండో మెట్టు నొక్కితే ఊపిరి తెగని జారుడు వినిపిస్తుంది. వదిలి నొక్కితే నాలుకతో కొత్తగా ఊదినట్టు స్వరం మొదలవుతుంది. ఒక బటన్‌కో పెడల్‌కో ఆర్టిక్యులేషన్‌ను అప్పగించుకుంటే కొన్ని వాయిస్‌లలో స్వరం కిందికి జారి ముగియడం వంటి విన్యాసాలు కూడా సాధ్యమవుతాయి. కోర్గ్‌లో ఇదే పనికి ‘డీఎన్‌సీ’ ధ్వనులు ఉన్నాయి. అక్కడ జాయ్‌స్టిక్, బటన్లతో పాటు ఆఫ్టర్‌టచ్ కూడా తోడవుతుంది, అంటే మెట్టు నొక్కి పట్టుకున్నాక మరికొంచెం అదిమితే స్వరం స్పందిస్తుంది. ఎస్ఎక్స్900 మెట్లకు తాకిడి వేగం తెలుస్తుంది గాని ఈ అదుము తెలియదు. నిదానమైన పాటలో నిలిపి పట్టిన స్వరానికి కంపనం తేవాలంటే యమహాలో ఎడమచేతిని జాయ్‌స్టిక్ మీదికి తేవాలి, లేదా పెడల్ వాడాలి. కోర్గ్‌లో వేలే ఆ పని చేస్తుంది. ఎడమచేయి కార్డ్‌లు పట్టుకోవడంలో మునిగి ఉండే ఒంటరి వాద్యకారుడికి ఇది చిన్న తేడా కాదని నా అభిప్రాయం.

అయితే అరేంజర్ కీబోర్డు ప్రాణమంతా స్టైల్‌లోనే, అంటే వెనక మోగే వాద్య బృందపు వరుసలోనే ఉంది. మీరు ఎడమచేత్తో పట్టిన కార్డ్‌ను బట్టి డ్రమ్ములు, బేస్, గిటార్ అప్పటికప్పుడు తమ నడకను ఎలా సర్దుకుంటాయన్నదే అసలు పరీక్ష. రెండు సంస్థలూ స్టైల్‌కు డ్రమ్ములు, బేస్ వంటి 8 భాగాల చొప్పునే ఇచ్చాయి. అల్లిక మాత్రం వేరు. యమహా స్టైళ్లలో ఆయా భాగాలను సాధారణంగా సి మేజర్ సెవెన్త్ అనే ఒకే మూలకార్డ్ మీద రాసి, మీరు వేరే కార్డ్ పట్టినప్పుడు ఏ స్వరం ఎటు కదలాలో నిబంధనల పట్టికతో తేలుస్తారు. కోర్గ్ ఒక్కో వేరియేషన్‌కు (స్టైల్‌లో ఎంచుకోదగ్గ ఒక్కో రూపానికి) 6 వరకు కార్డ్ వేరియేషన్లను అనుమతిస్తుంది. మేజర్‌కు ఒక వరుస, మైనర్‌కు ఇంకో వరుస, సెవెన్త్‌కు మరొకటి విడివిడిగా రాసుకోవచ్చు. రాసినవారు ఆ శ్రమ పడితే మైనర్‌లోకి వెళ్లగానే బేస్ కొత్త నడక అందుకుంటుంది. పడకపోతే ఆ సౌకర్యం ఉన్నా లేనట్టే.

దీన్ని పరీక్షించడానికి మేజర్, మైనర్ కార్డ్‌లు చాలవు, వాటి మీద ప్రతి స్టైలూ బాగానే నడుస్తుంది. సస్పెండెడ్ ఫోర్త్ పట్టి చూడండి, డిమినిష్డ్ పట్టి చూడండి, సి మేజర్‌ను ఇ బేస్‌తో పట్టి చూడండి. వెనకనున్న వయొలిన్లలో ఒక్క స్వరం మీ కార్డ్‌తో గీచుకున్నా వెంటనే దొరికిపోతుంది. తర్వాత కావాలనే కార్డ్‌ను తాళం కంటే రవ్వంత ఆలస్యంగా మార్చండి. బేస్ అప్పటికే పాత స్వరం మీద అడుగు వేసి ఉంటుంది. అది అక్కడే ఆగిపోతుందా, కొత్త స్వరానికి జరుగుతుందా, మళ్లీ మొదటి నుంచి మోగుతుందా అన్నది స్టైల్‌లో ఒక్కో భాగానికీ ముందే నిర్ణయించి ఉంటుంది. వేదిక మీద వేళ్లు ఎప్పుడూ గడియారంలా పడవు కనుక ఈ తడబాటును ఏ వాద్యం ఎంత మర్యాదగా కప్పిపుచ్చుతుందో తప్పక వినాలి.

మీరు ఒక్క మాటలో తీర్పు అడిగారు కనుక చెబుతున్నాను. పెట్టె తెరిచిన రోజే మెరుగులు దిద్దిన కుడిచేతి వాయిస్‌లు కావాలనుకుంటే యమహా. అందులో కొత్త వాయిస్‌లు చేర్చాలంటే కంప్యూటర్‌లోని ఎక్స్‌పాన్షన్ మేనేజర్ ద్వారా వెళ్లాలి. పెట్టెలో ఇచ్చినవాటితో తృప్తిపడేవారికి అది పెద్ద లోటు కాదు. ధ్వనిని లోతుగా మార్చుకోవడం, స్టైల్‌ను భాగం భాగంగా తిరగరాసుకోవడం వంటివి వాద్యం తెర మీదే చేయాలనుకునే ఓపిక ఉంటే కోర్గ్. నా చెవికి కోర్గ్ డ్రమ్ములు బరువుగా, యమహా గిటార్లు శుభ్రంగా వినిపిస్తాయి. మీ చెవి ఇంకోలా చెబితే దాన్నే నమ్మండి.

ప్రశ్న: కాసియో సీటీ-ఎక్స్5000లో 800 టోన్లు, యమహా పీఎస్ఆర్-ఎస్ఎక్స్700లో 986 వాయిస్‌లు, ఎస్ఎక్స్900లో 1,337 వాయిస్‌లు ఉన్నాయని చదివాను. సంఖ్య పెరిగిన కొద్దీ నాణ్యత పెరిగినట్టేనా?

జవాబు: కాదు. ఈ సంఖ్యల్లో జనరల్ మిడి (మిడి అంటే ఏ స్వరాన్ని ఎప్పుడు, ఎంత బలంగా మోగించాలో వాద్యానికి చెప్పే సంకేతాల పద్ధతి) ప్రమాణం కోసం తప్పనిసరిగా ఉంచిన వాయిస్‌లూ కలుస్తాయి. 1991లో ఏర్పడిన ఆ ప్రమాణం ప్రకారం 128 ధ్వనులు, ఒక డ్రమ్ కిట్ ఉండాలి. ఒక వాద్యంలో తయారైన మిడి పాట మరో వాద్యంలో కనీసం గుర్తుపట్టేలా మోగడానికి అవి పనికొస్తాయి గాని, వాటిలో తుపాకి మోతను, హెలికాప్టర్ చప్పుడును మీరు కచేరీలో ఎన్నిసార్లు వాడతారో మీకే తెలుసు. మామూలుగా ఒక వాద్యకారుడు పదే పదే వెతుక్కునేవి పియానో, ఎలక్ట్రిక్ పియానో, ఒకటి రెండు ఆర్గన్లు, తీగ వాద్యాల సమూహం, వేణువు, శాక్సాఫోన్, గిటార్ వంటివే. జాబితా పక్కన పెట్టి వాటిని మాత్రమే వినండి.

లెక్కల్లో చూడదగ్గ సంఖ్య ఒకటుంది, అది పాలీఫనీ, అంటే వాద్యం ఒకేసారి పలికించగల గొంతుల సంఖ్య. సీటీ-ఎక్స్5000లో అది 64, ఎస్ఎక్స్700, ఎస్ఎక్స్900లలో 128. ఒక్కో స్వరానికి రెండు పొరలు వాడే స్టీరియో పియానోను, అలాంటివే రెండు పొరలున్న తీగ వాద్యాలతో జతచేసి, పెడల్ తొక్కి 10 స్వరాలు నిలిపారనుకోండి. మీ కుడిచేయే 40 గొంతులను వాడేసినట్టు. మిగిలిన 24తో స్టైల్ మొత్తం నడవాలి. స్టైల్ నిండుగా మోగుతున్న చోట ముందు పట్టిన స్వరాలు చడీచప్పుడు లేకుండా తెగిపోవడం ఇందువల్లే. ఒకే వాయిస్‌తో సాధన చేసేవారికి 64 చాలు. కాసియో ఏఐఎక్స్ ధ్వని యంత్రం ఆ తరగతిలో చక్కగా పలుకుతుందన్నది కూడా ఒప్పుకోవలసిన మాటే.

ప్రశ్న: యమహాలో నాకిష్టమైన స్టైళ్లను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి కోర్గ్‌లో పెడితే తెరుచుకోలేదు. రెండింటి ఫైలు పేర్ల చివరా ‘ఎస్‌టీవై’ అనే ఉంది కదా! తర్వాత ఒక సాఫ్ట్‌వేర్‌తో మార్చి పెట్టాను. తెరుచుకుంది గాని గిటార్ మోగాల్సిన చోట టకటకమనే వింత చప్పుళ్లు వస్తున్నాయి. కోర్గ్ గిటార్ ధ్వనిలో లోపమా?

జవాబు: లోపం ధ్వనిది కాదు. తోక పేరు ఒకటే అయినా లోపలి నిర్మాణాలకు పొంతన లేదు కనుక నేరుగా తెరుచుకోవు. మార్చిన తర్వాత వచ్చిన చప్పుళ్లకు కారణం యమహా ‘మెగా వాయిస్’. ఈ తరహా గిటార్ వాయిస్‌లో తాకిడి బలం శబ్దం పెంచడానికి మాత్రమే కాదు. 1 నుంచి 127 వరకున్న ఆ బలాన్ని పట్టీలుగా విడదీసి, ఒక పట్టీకి మామూలు మీటు, ఒకదానికి అరచేత్తో అదిమిన స్వరం, ఒకదానికి జారుడు, ఒకదానికి హార్మోనిక్ కేటాయిస్తారు. బాగా పైనున్న మెట్లలో తీగ మీద వేళ్లు జరిగే రాపిడి, స్ట్రమ్మింగ్ చప్పుడు దాచి ఉంచుతారు. చేత్తో వాయించడం కోసం కాకుండా స్టైళ్లలో రాయడం కోసం చేసిన వాయిస్ ఇది. అదే వరుసను కోర్గ్‌లోని మామూలు గిటార్‌కు అప్పగించినప్పుడు, రాపిడి కోసం రాసిన పై స్వరాలు నిజంగానే కీచుమని స్వరాలుగా మోగుతాయి. జారుడు కావలసిన చోట చెవి చిల్లుపడేలా గట్టి మీటు పడుతుంది.

స్టైల్ ఎడిట్‌లోకి వెళ్లి ఆ గిటార్ భాగాన్ని మాత్రమే మోగించి చూడండి. మామూలు గిటార్ అందుకోలేని ఎత్తులో ఉన్న స్వరాలను తొలగించి, తాకిడి బలాలను మధ్యస్థంగా సవరిస్తే చాలావరకు దారికి వస్తుంది. అంత శ్రమ ఎందుకనుకుంటే ఆ భాగాన్ని చెరిపేసి కోర్గ్‌లోని గిటార్ మోడ్‌లో కొత్తగా రాసుకోవడమే మేలు. నేనైతే అదే చేస్తాను. గిటార్ మోడ్‌లో రాసిన వరుసకు దాని సొంత సంకేతాలు ఉంటాయి కనుక, ఎప్పుడైనా కోర్గ్ నుంచి యమహాకు మార్చాలన్నా ఇలాంటి చిక్కే ఎదురవుతుంది. డ్రమ్ముల విషయంలో ఇబ్బంది తక్కువ. కిక్ 36, స్నేర్ 38, మూసిన హై-హ్యాట్ 42 అనే సంఖ్యలు రెండు చోట్లా ఒకటే. ప్రమాణం హద్దు దాటి చేర్చిన తాళవాద్యాల చోటులోనే తేడాలు వస్తాయి.

ప్రశ్న: కెట్రాన్ కీబోర్డులలో డ్రమ్ములు అచ్చం మనిషి వాయించినట్టు వినిపిస్తాయి. మిగతావారు అలా ఎందుకు చేయరు?

జవాబు: ఆ ఇటలీ సంస్థ చాలా స్టైళ్లలో నిజమైన వాద్యకారులు వాయించిన ఆడియో డ్రమ్ములను వాడుతుంది కనుక ఆ సహజత్వం. యమహా కూడా టైరోస్5 వంటి కొన్ని నమూనాలలో ఆడియో స్టైళ్లు ఇచ్చింది. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది. రికార్డయిన వరుసలో స్నేర్ ఒక్కదాన్నే మార్చడం, ఒక దెబ్బ తీసేయడం మిడి వరుసలో ఉన్నంత తేలిక కాదు, వేగాన్ని అసలు రికార్డింగుకు చాలా దూరం లాగితే దెబ్బల పదును మొద్దుబారుతుంది.

ప్రశ్న: పాత కీబోర్డు మార్చి యమహా తీసుకున్నాను. అవే కార్డ్‌లు, అవే వేళ్లు. బేస్ మాత్రం అప్పుడప్పుడు నేను అనుకోని స్వరం పలుకుతోంది. వాద్యాన్ని వెనక్కి ఇచ్చేయాలా?

జవాబు: అవసరం లేదు. స్ప్లిట్, ఫింగరింగ్ మెనూలో ఏ పద్ధతి ఎంపికై ఉందో చూడండి. ‘ఫింగర్డ్ ఆన్ బేస్’లో ఉంటే మీరు నొక్కిన వాటిలో అన్నిటికన్నా కిందనున్న మెట్టే బేస్ అవుతుంది, సి మేజర్‌ను తిరగేసి ఇ నుంచి పట్టే అలవాటున్న చేతికి అక్కడ బేస్ ఇ మీదే మోగుతుంది. ‘ఏఐ ఫింగర్డ్’లో ఉంటే మూడు కన్నా తక్కువ మెట్లు నొక్కినా ముందటి కార్డ్‌ను బట్టి వాద్యమే ఊహించుకుంటుంది కనుక, వేలు ఒకటి జారినప్పుడు మీరు కోరని కార్డ్ రావచ్చు. ‘ఫింగర్డ్’కు మార్చి మూడు వేళ్లూ నిండుగా నొక్కండి, కార్డ్‌ను ఎటు తిరగేసి పట్టినా బేస్ దాని మూలస్వరం మీదే నిలుస్తుంది. కోర్గ్ వాడేవారికి ఇదే చిక్కు ఎదురైతే బేస్ ఇన్వర్షన్ బటన్ వెలిగి ఉందేమో మొదట చూసుకోవాలి.