పోస్ట్‌డాక్ వెతికేముందు
తార్నాక, హైదరాబాద్

చి. సింధుకి,

పీహెచ్‌డీ థీసిస్ సబ్మిట్ చేశావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. "ఇక అమెరికాయేనా అక్కా?" అని అడిగాడు. పోస్ట్‌డాక్ అంటే పీహెచ్‌డీ అయ్యాక ఒక ల్యాబ్‌లో కొన్నేళ్లు చేసే పరిశోధనే కదా. దానికి ముందు దేశం అనుకుని తర్వాత ల్యాబ్ వెతుక్కోవడం నాకైతే నచ్చదు.

తూర్పు కనుమల బల్లుల మీద ఇన్నేళ్లు పనిచేశావు. అందులో ఏ ప్రశ్న నిన్ను ఇంకా వదలడం లేదో ఒక పేజీలో రాసుకో. దానికి తగిన ల్యాబ్ ఎక్కడుంటే అక్కడికి వెళ్లు. అది బెంగళూరులోని పరిశోధన సంస్థలు ఎన్‌సీబీఎస్ కావచ్చు, జేఎన్‌సీఏఎస్‌ఆర్ కావచ్చు, మన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీయే కావచ్చు. ఊళ్లోనే ఉండిపోతే చిన్నతనం అనుకోకు. భారతీయుల జన్యుచరిత్ర మీద 2009లో నేచర్ పత్రికలో వచ్చిన పేపర్ సీసీఎంబీ వాళ్లు హార్వర్డ్ వాళ్లతో కలిసి చేసిందే కదా.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేముందు వాళ్ల పేపర్లు రెండు మూడు పూర్తిగా చదువు. వాళ్ల పనిలో ఎక్కడ నీ ప్రశ్న కలుస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పు. అందరికీ ఒకే మెయిల్ పంపితే ఎవరూ పట్టించుకోరు. జవాబు రాకపోతే మళ్లీ రాయి, మొహమాటపడకు.

డబ్బు సంగతి జాగ్రత్తగా ఆలోచించు. ప్రొఫెసర్ ప్రాజెక్టు నుంచి జీతం వస్తే ఆ ప్రాజెక్టు పనే చేయాలి. నీ పేరు మీద ఫెలోషిప్, అంటే నేరుగా నీకే ఇచ్చే పరిశోధన భృతి ఉంటే నీ ప్రశ్న నీ చేతిలో ఉంటుంది. అందుకే కష్టమైనా ఫెలోషిప్‌లకు రాయమంటాను. ఒక్కోదానికి ఒక్కో నిబంధన. యూరప్ వాళ్ల మేరీ క్యూరీ ఫెలోషిప్‌కి, వెళ్లబోయే దేశంలో గత 36 నెలల్లో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. హ్యూమన్ ఫ్రాంటియర్ ఫెలోషిప్ వాళ్లు పీహెచ్‌డీ పనికి భిన్నమైన దారి పట్టమంటారు, కాబట్టి బల్లులనే కొనసాగించాలంటే అది నీకు కుదరదు.

ఇంకో విషయం, దీన్ని చాలామంది ఆలస్యంగా పట్టించుకుంటారు. ఇక్కడ సేకరించిన కణజాల నమూనాలను ఇష్టమొచ్చినట్టు విదేశాలకు తీసుకెళ్లడానికి లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతులు చూసుకోవాలి. వాటికి నెలలు పట్టొచ్చు. వీలైనంత డీఎన్‌ఏ సీక్వెన్సింగ్ ఇక్కడే పూర్తి చేయించుకో. విదేశీ ల్యాబ్‌తో మాట్లాడేటప్పుడు ఈ సంగతి మొదట్లోనే చెప్పెయ్యి.

చేరేముందు ఆ ల్యాబ్‌లో పనిచేసి వెళ్లిపోయినవాళ్లతో ఫోన్‌లో మాట్లాడు. మెయిల్‌లో ఎవరూ మనసు విప్పి చెప్పరు. పేపర్లలో పేరు ఎలా వేస్తారు, ఒంట్లో బాగోనప్పుడు ఎలా చూస్తారు, అన్నీ అడుగు. ప్రొఫెసర్‌నే సూటిగా అడగాల్సింది ఒకటుంది: వెళ్లేటప్పుడు ఈ పనిలో ఏ భాగం నాతో తీసుకెళ్లొచ్చు? రేపు నువ్వు సొంత ల్యాబ్ పెట్టుకుంటే దాన్నే కొనసాగించాలి. దీనికి తడబడకుండా జవాబిచ్చేవాళ్ల దగ్గరే చేరు.

మొదటి మెయిల్ పంపేముందు నాకు చూపించు. ఆదివారం వీలైతే ఇంటికి రా, ఫెలోషిప్‌ల గడువు తేదీలు కూర్చుని రాసుకుందాం.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య