లోగో సంగతి తర్వాత చూద్దాం

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. వాట్సాప్‌లో నువ్వు పంపిన మూడు లోగోలూ చూశాను. ఒకదాంట్లో పులి, ఒకదాంట్లో కాకతీయ తోరణం, మూడోదాంట్లో పూర్ణకుంభం. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో తెలుగువాళ్ల ఫుట్‌బాల్ క్లబ్ పెడతానన్నావు, సంతోషం. మనవాళ్లు ఏ దేశం వెళ్లినా ముందు క్రికెట్ టీమే పెడతారు. నువ్వు ఫుట్‌బాల్ అన్నందుకే సగం మార్కులు వేసేశాను. లోగోలు చూశాక మాత్రం కొంచెం భయమేసింది. తోరణం పెడితే గుంటూరు వాళ్లు మొహం తిప్పుకుంటారు, కుంభం పెడితే వరంగల్ వాళ్లు. ఒక్క బంతి కూడా కొనకముందే ఈ తగువు మనకెందుకు? ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో "ఓకే మావయ్యా, ఓకే" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేను మెల్‌బోర్న్ వచ్చింది 1988లో. పడమటి వైపు ఒక ఫ్యాక్టరీలో పని. కొన్నేళ్లకి, పక్క మెషీన్ మీద పనిచేసే పెద్దాయన ఒక ఆదివారం మావాణ్ణి, అదే మీ బావని, వాళ్ల క్లబ్ గ్రౌండ్‌కి తీసుకురమ్మన్నాడు. వాడికప్పుడు ఏడేళ్లు. యుద్ధం తర్వాత యూరప్ నుంచి ఓడల్లో వచ్చినవాళ్లు పెట్టుకున్న క్లబ్ అది. పేరు రాయను, ఎందుకో నీకే అర్థమవుతుంది. చలి, తుంపర, బురద. కంచె పక్కన ఒక్కణ్ణే నిలబడి ఉంటే క్యాంటీన్ కిటికీలోంచి ఒకావిడ పిలిచింది. రొట్టెలో ఏదో మాంసం పెట్టి చేతికిచ్చి, వచ్చీరాని ఇంగ్లిష్‌లో "నువ్వు ఎవరి నాన్నవి?" అనడిగింది. ఏ దేశం అని అడగలేదు, ఏం ఉద్యోగం అని అడగలేదు. మన ఊళ్లో "ఎవరబ్బాయివి?" అంటారు చూడు, దాన్నే తిరగేసి అడిగింది. అది ఏం మాంసమో అడక్కుండా తినేశాను. మీ అత్తయ్యకి ఇప్పటికీ చెప్పలేదు. ఆ తర్వాత అదే క్లబ్‌లో పదకొండేళ్లు ట్రెజరర్‌గా చేశాను.

"మన కల్చరల్ ఐడెంటిటీ నిలబడాలి" అని రాశావు. ఆ పదకొండేళ్లలో నాకు అది ఎక్కువగా కనిపించింది ఆ క్యాంటీన్ కిటికీ దగ్గరే. చొక్కా మీద బొమ్మ మూడుసార్లు మారింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఆవిడకి మోకాళ్లు అరిగి రావడం మానేసిన ఏడాది మాత్రం, ఆదివారం సాయంత్రాలు జనం ఆట అవగానే కార్లెక్కి వెళ్లిపోవడం మొదలుపెట్టారు. అంతకుముందు చీకటి పడేదాకా ఉండేవాళ్లు. అద్దెకి ఇల్లు, ఫ్యాక్టరీలో ఖాళీ, పెళ్లి సంబంధం, అన్నీ అక్కడే మాట్లాడుకునేవాళ్లు. మన రచ్చబండ లాంటిదే, పక్కన గోల్‌పోస్టులు ఉంటాయంతే.

ఈ దేశపు ఫుట్‌బాల్ చరిత్ర అంతా ఇలాంటి క్లబ్బులే. గ్రీకులు 1959లో సౌత్ మెల్‌బోర్న్ హెల్లాస్ పెట్టుకున్నారు. క్రొయేషియా వాళ్లకి మెల్‌బోర్న్ క్రొయేషియా, ఇటలీ వాళ్లకి సిడ్నీలో మార్కోని, మాసిడోనియా వాళ్లకి ప్రెస్టన్, మాల్టా వాళ్లకి గ్రీన్ గల్లీ. హెల్లాస్ సంగతి నీకు తెలియాలి. హంగరీ మహా ఆటగాడు పుష్కాష్ 1989 నుంచి మూడేళ్లు దానికి కోచ్‌గా ఉన్నాడు. ఆయనకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, గ్రీకు వచ్చు. అందుకని కెప్టెన్ కుర్రాడే ఆయన్ని కార్లో తిప్పుతూ, ఆయన మాట మిగతావాళ్లకి చెప్పేవాడు. ఆ కుర్రాడు ఆంజ్ పోస్టెకోగ్లూ. ఐదేళ్లప్పుడు గ్రీసు నుంచి అమ్మానాన్నలతో వచ్చి, ఆ క్లబ్‌లోనే పెరిగాడు. 1990-91లో ఆ జంట జాతీయ లీగ్ గెలిచింది. తర్వాత ఆంజ్ కోచ్ అయి అదే క్లబ్‌ని 2000 జనవరిలో రియోలో జరిగిన ప్రపంచ క్లబ్ టోర్నీకి తీసుకెళ్లాడు. మరకానా స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడారు, వాస్కో డ గామాతో ఆడారు. వాస్కో కూడా పోర్చుగల్ నుంచి బ్రెజిల్ వెళ్లినవాళ్లు పెట్టుకున్న క్లబ్బే. ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయారనుకో. అయితేనేం.

ఇక పేరు. పేరులో "తెలుగు" ఉండాలా వద్దా అని మీ నలుగురూ రెండు వారాలుగా కొట్టుకుంటున్నారట. ఈ కొట్లాట మీకంటే ముందే ఈ దేశం చాలాసార్లు కొట్లాడింది. 1990లలో ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఒత్తిడి మీద పాత క్లబ్బులు దేశాల పేర్లు తీసేయాల్సి వచ్చింది. మెల్‌బోర్న్ క్రొయేషియా కాస్తా మెల్‌బోర్న్ నైట్స్ అయింది, సిడ్నీ క్రొయేషియా సిడ్నీ యునైటెడ్ అయింది. జాతీయ లీగ్ 2004తో ఆగిపోయి, 2005లో దాని స్థానంలో ఎ-లీగ్ వచ్చినప్పుడు ఈ వలస క్లబ్బుల్లో ఒక్కదానికీ అందులో చోటివ్వలేదు. 2014లో ఇంకో నిబంధన పెట్టారు: కొత్తగా ఏ క్లబ్బూ జాతి, మతం సూచించే పేరూ గుర్తూ పెట్టుకోకూడదని. ఆ ఏడాదే నైట్స్ వాళ్లు చొక్కా మీద స్పాన్సర్‌గా తమ మెల్‌బోర్న్ క్రొయేషియా సోషల్ క్లబ్ పేరు వేసుకుంటామంటే కూడా ఒప్పుకోలేదు. మానవ హక్కుల కమిషన్ దాకా వెళ్లారు పాపం. చివరికి 2019లో ఆ నిబంధన ఎత్తేశారు.

అంటే నువ్వు పేరులో తెలుగు పెట్టుకుంటే ఇవాళ ఎవరూ జైల్లో వేయరు. నన్నడిగితే పెట్టుకోమనే అంటాను, సిగ్గుపడాల్సింది ఏముంది? కానీ దానికోసం ప్రాణాలు పెట్టకు. నైట్స్ అని పేరు మార్చి ముప్పై ఏళ్లయింది, గ్యాలరీలో ఇప్పటికీ పాత పేరే అరుస్తారు. కాగితం మీద తీసేసినంత మాత్రాన పోలేదు. అలాగే కాగితం మీద రాసినంత మాత్రాన రాదు.

దీనికన్నా పెద్ద తలనొప్పి వేరే ఉంది. ఊళ్లో కొట్లాటలు మనతోపాటే విమానం ఎక్కుతాయి. ఇక్కడ యుగోస్లావియా పేరుతో ఒక క్లబ్ ఉండేది, క్రొయేషియా పేరుతో ఇంకోటి. ఆ రెండూ ఆడుతుంటే అది ఆటలా ఉండేది కాదు. వాళ్ల దేశంలో యుద్ధం రాకముందు నుంచీ ఇక్కడ రాజుకుంటూనే ఉంది. గ్రీకులకీ మాసిడోనియన్లకీ కూడా అంతే. అవన్నీ పాత కథలనుకుంటావేమో. 2022 అక్టోబరులో సిడ్నీ యునైటెడ్ ఆస్ట్రేలియా కప్ ఫైనల్‌కి వచ్చింది. రెండో శ్రేణి క్లబ్ అంత దూరం రావడం అదే మొదటిసారి. ఎంత గొప్ప రోజు! ఆ రోజున గ్యాలరీలో కొందరు, ఈ నేల అసలు మనుషులైన ఆదివాసుల తరఫున స్వాగతం పలుకుతుంటే గోల చేశారు, నాజీ సెల్యూట్లు కొట్టారు. క్లబ్‌కి జరిమానా, కొందరికి జీవితకాల నిషేధం. ఆటగాళ్లు ఏం ఆడారో ఎవరికీ గుర్తులేదు. కొందరు చేసిన పని ఆటగాళ్ల తొంభై నిమిషాల చెమటని, దశాబ్దాల కష్టాన్ని మింగేసింది.

మనకి నాజీలు లేరు, కులాలున్నాయి. రెండు రాష్ట్రాలున్నాయి, నాలుగు పార్టీలున్నాయి, హీరోల ఫ్యాన్సున్నారు. అల్లుడూ, మొహమాటపడకుండా రాస్తున్నాను: ఏ దేశంలోనైనా మన సంఘాలు చీలింది ఎక్కువగా వీటి మీదే. కాబట్టి నియమావళి మొదటి పేజీలోనే రాసిపెట్టు. గ్రౌండ్‌లో పార్టీ కండువా ఉండదు, నాయకుడి ఫ్లెక్సీ ఉండదు, హీరో పుట్టినరోజు కేకు ఉండదు. స్పాన్సర్ ఎంత ఇస్తానన్నా సరే, కమిటీలో సీటు అడిగితే డబ్బు తిరిగి ఇచ్చేయ్. ఓటు హక్కు కనీసం మూడు నెలలుగా సభ్యత్వం ఉన్నవాళ్లకే. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మా క్లబ్‌లో ఒక ఏడాది వార్షిక సమావేశానికి ముందురోజు ఒకాయన తన చుట్టాలు అరవైమందికి ఫీజు తనే కట్టి సభ్యుల్ని చేశాడు. మర్నాడు చేతులెత్తించాడు, కమిటీ మారిపోయింది. ఆ అరవైమందిలో ఒక్కరు కూడా మళ్లీ గ్రౌండ్‌కి రాలేదు. రెండేళ్లకి జూనియర్ టీములు సగమయ్యాయి. నేను పుస్తకాలు అప్పజెప్పి ఇంటికొచ్చేశాను. ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అందుకే పేరు రాయనన్నాను.

"తెలుగు పిల్లలకి మాత్రమేనా?" అని మీలో ఒకరు అడిగారట. దీనికి నూట ముప్పై ఏళ్ల కిందటి జవాబు ఒకటుంది. ఎడిన్‌బరోలో ఐర్లండ్ వలసవాళ్లు 1875లో హిబర్నియన్ క్లబ్ పెట్టారు, కాథలిక్ చర్చి మనుషులైతేనే టీములో చోటు. 1887లో గ్లాస్గోలో అదే ఐరిష్ వాళ్లు, పేద పిల్లలకి భోజనాలు పెట్టడానికి డబ్బు పోగు చేద్దామని సెల్టిక్ పెట్టారు. వీళ్లు ఎవరైనా రావచ్చన్నారు. హిబర్నియన్‌లో బాగా ఆడేవాళ్లు చాలామంది అటు వెళ్లిపోయారు. హిబర్నియన్ 1891లో మూతపడింది. మళ్లీ లేచినప్పుడు ఆ పాత నియమం వదిలేసి లేచింది. సెల్టిక్‌ని మాత్రం ఈ రోజుకీ ఎవరూ ఐరిష్ క్లబ్ కాదనరు. అన్నట్టు, మన ఆంజ్ తర్వాత ఆ సెల్టిక్‌కే కోచ్‌గా వెళ్లాడు.

మీ వీధిలో పంజాబీ పిల్లలున్నారు, వియత్నాం పిల్లలున్నారు, సూడాన్ పిల్లలున్నారు. రమ్మను. మీ బావ ఆ క్లబ్‌లో ముందు నేర్చుకున్నది వాళ్ల భాషలో తిట్లు, తర్వాత అంకెలు, ఆ తర్వాత వాళ్ల పండగ పాటలు. మీ క్లబ్‌లో ఒక సూడాన్ పిల్లవాడు "ఇటు, ఇటు, నాకు వెయ్యరా" అని అరిచిన రోజు నాకు ఫోన్ చెయ్యి, మీ అందరికీ భోజనం నాది.

అసలు చిక్కు వేరే చోట ఉంది, మన అమ్మానాన్నల దగ్గర. అండర్ 8కి పిల్లలు ఎగబడి వస్తారు. ఎనిమిదో క్లాసు వచ్చేసరికి సెలెక్టివ్ స్కూల్ ప్రవేశ పరీక్ష, శనివారం ట్యూషన్, ఒక్కొక్కడే మాయమైపోతాడు. పదమూడేళ్ల పిల్లల్ని నిలబెట్టుకోలేని క్లబ్‌కి పెద్దల టీము ఎప్పటికీ రాదు. వాళ్ల ట్రైనింగ్ శనివారం పెట్టకు, శుక్రవారం సాయంత్రం పెట్టు. పరీక్ష నెలలో సెలవివ్వు, టీము నుంచి తీసేయకు. "వానలో ఆడితే జలుబు చేస్తుంది" అనే తల్లులకి సమాధానం నా దగ్గర లేదు, మీ అత్తయ్య దగ్గరా లేదు. ఆడపిల్లల టీము మొదటి ఏడాదే మొదలుపెట్టు, తర్వాత చూద్దామంటే ఎప్పటికీ కాదు. సందేహించేవాళ్లకి ఆస్ట్రేలియా మహిళా ఫుట్‌బాల్ స్టార్ సామ్ కెర్ వాళ్ల నాన్న పుట్టింది కోల్‌కతాలో అని చెప్పు, పనిచేస్తుంది.

కాగితాల పని పెద్దదేమీ కాదు. ఇన్‌కార్పొరేటెడ్ అసోసియేషన్‌గా నమోదుకి ఐదుగురు సభ్యులు చాలు, నమూనా నియమావళి ప్రభుత్వమే ఇస్తుంది. పిల్లలతో పనిచేసే ప్రతి ఒక్కరికీ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే పాత నేరాలేవీ లేవని చూసి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, ఉండాలి, వాలంటీర్లకి ఉచితం. మనవాడే కదా అని ఎవర్నీ వదలకు. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ మొగుడూ పెళ్లాలు కాకూడదు. గ్రౌండ్ దొరకడమే కష్టం. మీ వైపు జనం పెరిగినంత వేగంగా గ్రౌండ్లు పెరగలేదు. మొదటి ఏడాది సొంత గ్రౌండ్ కోసం కౌన్సిల్ చుట్టూ తిరక్కుండా, పక్కనున్న పాత క్లబ్‌లో ఒకదాని దగ్గరికెళ్లి "మా రెండు టీములకి చోటిస్తారా, క్యాంటీన్ మేం చూస్తాం" అని అడుగు. ఆ క్లబ్బుల్లో ఇప్పుడు పెద్దవాళ్లే మిగిలారు. కాదనరని నా నమ్మకం.

క్యాంటీన్‌లో సాసేజ్ ఉండనీ, పక్కనే పులిహోర, మిరపకాయ బజ్జీ, అల్లం టీ. పొద్దున్న ఎనిమిదింటికి చలికి వణుకుతూ నిలబడ్డ అవతలి టీము నాన్నలకి ఆ టీ ఇచ్చి చూడు. శాకాహారానికి వేరే పెనం పెట్టండి, లేకపోతే మొదటి వారమే గొడవ. ఉగాది సీజన్ మొదట్లో వస్తుంది, ఆ ఆదివారం రెండు టీములకీ పచ్చడి పెట్టండి. వేపపువ్వు తక్కువెయ్యమను, మొదటిసారి తినేవాళ్లు కదా.

వచ్చే శనివారం మధ్యాహ్నం ఇంటికి రా, నియమావళి ముసాయిదా, ఐదుగురు సభ్యుల పేర్లు పట్టుకుని. మీ బావ కూడా ఉంటాడు, వాడి దగ్గర పాత వలలు, కోన్లు గ్యారేజీలో పడున్నాయి, తీసుకెళ్లు. లోగోలు తేవద్దు. తెస్తే పులి ఒక్కటి తీసుకురా, దాని మూతి నాకు నచ్చింది.

మీ
మావయ్య